సొంత కంపెనీ ఉన్న కెనడా పౌరుడికి టీఎన్ వస్తుందా?

ప్రశ్న: మేముండేది మిస్సిసాగాలో. నేను హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఈసీఈ బీటెక్ చేశాను. పోయినేడాదే కెనడా పౌరసత్వం వచ్చింది. ఉద్యోగం మానేసి అంటారియోలో సొంత కార్పొరేషన్ పెట్టుకుని మూడేళ్ళుగా కాంట్రాక్టు పనులు చేస్తున్నాను. షేర్లన్నీ నావే, డైరెక్టర్‌నీ నేనే. న్యూజెర్సీలోని ఒక హోల్‌సేల్ కంపెనీ తమ గోదాము సాఫ్ట్‌వేర్‌ని అకౌంట్స్ సిస్టమ్‌తో కలిపే పని ఆరు నెలలకు ఇస్తామంటోంది. నెలకు రెండు వారాలు అక్కడికి వెళ్ళి చేయాలి. సెల్ఫ్ ఎంప్లాయిడ్ వాళ్ళకి టీఎన్ రాదని ఒక మిత్రుడు అంటున్నాడు. మీటింగ్‌కి వెళ్తున్నానని చెబితే చాలని ఇంకొకాయన, న్యూజెర్సీలో ఒక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) తెరిచి దాని లెటర్‌హెడ్ మీద నువ్వే లెటర్ రాసుకోమని మరొకాయన చెబుతున్నారు. నా భార్య పీఆర్ (శాశ్వత నివాసం) మీద ఉంది, ఆమెది ఇండియన్ పాస్‌పోర్ట్. పాప ఇక్కడే పుట్టింది. ఏం చేయాలి? పన్నులు రెండు దేశాల్లోనూ కట్టాలా?

సమాధానం: అమెరికాలో తాత్కాలికంగా పనిచేయడానికిచ్చే టీఎన్ మీకు వచ్చే అవకాశం బాగానే ఉంది. మీ మిత్రుల మాటల్లో మొదటిది సగం నిజం. రెండోది మిమ్మల్ని ఏళ్ళ తరబడి అమెరికా గడప తొక్కనివ్వకుండా చేయగలదు. మూడోది నిబంధనల్లో స్పష్టంగా రాసి మరీ కూడదన్న పని.

ముందుగా ఆ సగం నిజం సంగతి. కెనడా, అమెరికా, మెక్సికోల మధ్య 1994లో నాఫ్టా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని స్థానంలో 2020 జులై 1 నుంచి కొత్త ఒప్పందం నడుస్తోంది. అందులో 60కి పైగా వృత్తుల జాబితా ఉంది. ఆ వృత్తుల్లో ఉన్న కెనడా పౌరులు అమెరికాలో ఉన్న ఒక సంస్థకు, లేదా ఒక వ్యక్తికి, ముందుగానే మాట్లాడుకున్న పనిని అక్కడికి వెళ్ళి చేసిరావచ్చు. ఆ అనుమతే టీఎన్. మీకు కెనడాలో సొంత కంపెనీ ఉండటం దీనికి అడ్డు కాదు. అడ్డు వచ్చేది ఒకే చోట: అమెరికాలో మీరు ఎవరికి పని చేస్తారో ఆ సంస్థ మీదే అయితే. నిబంధన ప్రకారం, ఏ సంస్థలో మీరు ఏకైక యజమానో, లేక అజమాయిషీ చేసేంత వాటా ఉన్న యజమానో, దానికి సేవలందిస్తే అది స్వయం ఉపాధి కిందే లెక్క. దానికి టీఎన్ లేదు. కాబట్టి ఆఫీసర్ ముందు మీ కాగితాలు చెప్పాల్సింది ఒక్కటే: పని ఇస్తున్నది న్యూజెర్సీ కంపెనీ, అందులో మీకు పైసా వాటా లేదు, పని ముందే ఖాయమైంది.

ఎల్‌ఎల్‌సీ సలహా ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఎల్‌ఎల్‌సీ మీది, లెటర్ రాసేదీ మీరే, పనిచేసేదీ మీరే. సొంతంగా అమెరికాలో వ్యాపారం నడపాలన్న ఆలోచన నిజంగా ఉంటే దానికి ఈ-2 (పెట్టుబడిదారుల వీసా) ఉంది, ఎల్-1 (ఇక్కడి కంపెనీ నుంచి దాని అమెరికా శాఖకు బదిలీ) ఉంది. ఈ-2కి చెప్పుకోదగ్గ పెట్టుబడి పెట్టాలి, కెనడా పౌరులైనా సరే కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. ఎల్-1 కావాలంటే కెనడా కంపెనీలో గత మూడేళ్ళలో కనీసం ఏడాది పనిచేసి ఉండాలి, మీరు అటు వెళ్ళాక కూడా ఆ కంపెనీ ఇక్కడ నడుస్తూనే ఉండాలి. ఆరు నెలల కాంట్రాక్టు కోసం ఈ రెండూ అనవసరం.

ఇక మీటింగ్ సలహా. బిజినెస్ విజిటర్‌గా వెళ్ళి మీటింగుల్లో కూర్చోవచ్చు, కాంట్రాక్టు షరతులు మాట్లాడుకోవచ్చు, కాన్ఫరెన్సుకు హాజరు కావచ్చు. కెనడా నుంచి అమ్మిన యంత్రానికో సాఫ్ట్‌వేర్‌కో, అమ్మినప్పుడే రాసుకున్న వారంటీ కింద సర్వీస్ చేయడానికి వెళ్ళే నిపుణులకూ ఇదే దారి. ఆ అమ్మకం కాగితాలు మీ దగ్గర లేవు, ఎందుకంటే మీరేమీ అమ్మలేదు, మీ సమయాన్ని ఇస్తున్నారు. రెండు వారాల పాటు క్లయింటు ఆఫీసులో సిస్టమ్ ముందు కూర్చుని పనిచేయడం మీటింగ్ కాదు. ఆఫీసర్ ఫోన్ తీసుకుని ఈమెయిళ్ళు చూడగలడు. అందులో పని షెడ్యూలు, గంటల లెక్క, ఇన్వాయిస్ కనబడితే తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రతో వచ్చే నిషేధానికి గడువు లేదు. వేవర్ (నిషేధం నుంచి ప్రత్యేక మినహాయింపు) తెచ్చుకుంటే తప్ప లోపలికి రానివ్వరు. కాంట్రాక్టు మాట్లాడుకోవడానికి ఒకటి రెండు రోజులు వెళ్ళాలంటే మాత్రం నిజంగానే బిజినెస్ విజిటర్‌గా వెళ్ళండి, అది తప్పు కాదు. అక్కడ ఉన్నప్పుడు పని మాత్రం మొదలుపెట్టకండి.

మిస్సిసాగాలో ఇంట్లో కూర్చుని చేసే పనికి అమెరికా అనుమతి ఏదీ అక్కర్లేదు. డబ్బు అమెరికా నుంచి వస్తోందా లేదా అన్నది కాదు, మీరు ఏ నేల మీద కూర్చుని పనిచేస్తున్నారన్నదే లెక్క. నెలలో మిగతా రెండు వారాల గురించి మీరు దిగులు పడనక్కర్లేదు.

ఇప్పుడు అసలు కష్టం: జాబితాలో మీ వృత్తి ఏది? సాఫ్ట్‌వేర్ డెవలపర్, ప్రోగ్రామర్ అన్న పేర్లు ఆ జాబితాలో లేవు. ఉన్నది కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్. ఆ జాబితా ఎప్పటిదో, ఇప్పటి ఉద్యోగాల పేర్లు అందులో దొరకవు. అందుకే ఎంతోమంది తమ రోజువారీ మాటల్లో "కోడింగ్ చేస్తాను" అని చెప్పి తిరిగి వస్తున్నారు. సిస్టమ్స్ అనలిస్ట్ అంటే సంస్థ అవసరాలు తెలుసుకుని, వాటికి తగ్గట్టు కంప్యూటర్ వ్యవస్థను రూపొందించి అమలు చేసే మనిషి. పనిలో భాగంగా కొంత కోడ్ రాయవచ్చు, కానీ పనంతా కోడ్ రాయడమే అయితే ఆ కేటగిరీకి సరిపోదు. మీరు రాసిన పని, అంటే గోదాములో స్టాకు కదలిక ఎలా నమోదవుతోందో చూసి, అది అకౌంట్స్‌లోకి ఎలా వెళ్ళాలో నిర్ణయించి, రెంటినీ కలిపే డిజైన్ తయారుచేసి పరీక్షించడం, నిజంగానే అనలిస్ట్ పని. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. లేని పనిని ఆ పేరుతో అలంకరించడం మాత్రం వద్దు, రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ కేటగిరీ వైపు పొమ్మని కూడా మీకెవరో ఒకరు చెబుతారు. స్వతంత్రంగా పనిచేసేవాళ్ళ కోసమే అన్నట్టు ఉంటుంది కాబట్టి అది ఊరిస్తుంది. డిగ్రీ లేకపోయినా ఐదేళ్ళ సంబంధిత అనుభవంతో ఒప్పుకుంటారు. కానీ బోర్డర్‌లో అందరికంటే ఎక్కువ అనుమానంగా చూసేది దాన్నే. కన్సల్టెంట్ పని సంస్థ నిర్వహణలో లోపాలు చూసి సలహా ఇవ్వడం. ఆ సలహాను తానే కూర్చుని అమలు చేయడం, లేదా ఎప్పుడూ ఉండే పోస్టులో కూర్చోవడం ఆ కేటగిరీలో కుదరదు. మీరు సిస్టమ్ కట్టబోతున్నారు, దాని జోలికి పోకండి.

డిగ్రీ విషయంలో తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక మెలిక ఉంది. సిస్టమ్స్ అనలిస్ట్‌కి బ్యాచిలర్స్ డిగ్రీ కావాలి, లేదా రెండేళ్ళ పోస్ట్ సెకండరీ డిప్లొమాతో పాటు మూడేళ్ళ అనుభవం కావాలి. ఆ డిప్లొమా కెనడాలోనో అమెరికాలోనో గుర్తింపు ఉన్న విద్యాసంస్థ ఇచ్చినదై ఉండాలి. మన పాలిటెక్నిక్ డిప్లొమా ఈ దారిలో చెల్లదు. డిగ్రీకి అలాంటి అడ్డు లేదు, ఏ దేశానిదైనా సరే, కానీ కెనడా, అమెరికా, మెక్సికోల బయట చదివినదైతే దానికి ఎవాల్యుయేషన్ రిపోర్ట్ జతపరచాలి. మీది నాలుగేళ్ళ బీటెక్ కాబట్టి అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని రిపోర్ట్ రావడంలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. మూడేళ్ళ బీకామ్, బీఎస్సీ వాళ్ళకు అక్కడే చిక్కు. చాలాసార్లు "మూడేళ్ళ యూనివర్సిటీ చదువు" అని మాత్రమే రాసిస్తారు, అది బ్యాచిలర్స్ కిందకు రాదు. అలాంటివాళ్ళు పైన చేసిన ఎంసీఏ లాంటి పీజీ ఉంటే దాన్నీ కలిపి ఎవాల్యుయేట్ చేయించుకోవాలి.

కెనడా ఇమిగ్రేషన్ కోసం ఎప్పుడో తెప్పించుకున్న ఈసీఏ (విదేశీ చదువు గుర్తింపు) రిపోర్ట్ ఉంది కదా, అదే ఇస్తే సరిపోతుందనుకోకండి. అది కెనడా డిగ్రీతో పోల్చి చెబుతుంది. అమెరికా డిగ్రీతో పోల్చిన రిపోర్ట్ విడిగా తీసుకోండి. ట్రాన్‌స్క్రిప్టులు జేఎన్‌టీయూ నుంచి నేరుగా రావాలని కొన్ని ఏజెన్సీలు పట్టుబడతాయి, దానికి వారాలు పడుతుంది. కాబట్టి మిగతా కాగితాలకంటే ముందు ఈ పని మొదలుపెట్టండి. ఈసీఈ డిగ్రీకీ సిస్టమ్స్ అనలిస్ట్ పనికీ ఏమిటి సంబంధం అని అడిగితే చూపించడానికి ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, మైక్రోప్రాసెసర్ల వంటి సబ్జెక్టులున్న మార్కుల జాబితా పక్కనే ఉంచుకోండి.

ఇక లెటర్. ఈ దరఖాస్తులో సగం బలం దానిదే. క్లయింటు లెటర్‌హెడ్ మీద, క్లయింటు అధికారి సంతకంతో ఉండాలి. విదేశీ యజమాని రాసిన లెటర్‌ను కూడా నిబంధన అనుమతిస్తుంది. అంటే మీ అంటారియో కార్పొరేషన్ మీ గురించి రాయవచ్చన్న మాట. కానీ సంతకం పెట్టేదీ మీరే, లాభపడేదీ మీరే. ఆ కాగితం చూడగానే ఆఫీసర్‌కి స్వయం ఉపాధి అనే మాటే గుర్తొస్తుంది. అందుకే న్యూజెర్సీ కంపెనీ లెటర్ ముందు పెట్టి, దానికీ మీ కార్పొరేషన్‌కీ మధ్య జరిగిన కాంట్రాక్టును వెనక జతచేయండి.

క్లయింటు వైపు వాళ్ళకు టీఎన్ లెటర్ రాసిన అలవాటు సాధారణంగా ఉండదు, డ్రాఫ్ట్ మీరే పంపాల్సి వస్తుంది. ఇంగ్లీషులో ఉండాల్సిన ఆ లెటర్ సారాంశం ఇలా ఉంటే చాలు: "మా సంస్థ ఈ వ్యాపారం చేస్తుంది. మా గోదాము వ్యవస్థను అకౌంట్స్ వ్యవస్థతో అనుసంధానం చేయడానికి ఫలానా వ్యక్తి సేవలను కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్‌గా తీసుకుంటున్నాం. ఆయన చేసే పనులు: ప్రస్తుత వ్యవస్థల విశ్లేషణ, సిబ్బందితో మాట్లాడి అవసరాల సేకరణ, అనుసంధానం డిజైన్, పరీక్షలు, సిబ్బందికి శిక్షణ. ఈ పనికి బ్యాచిలర్స్ డిగ్రీ అవసరం, ఆయనకు అది ఉంది. పని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. ఆ కాలంలో నెలకు సుమారు రెండు వారాలు ఫలానా చిరునామాలోని మా కార్యాలయంలో ఉంటారు. ప్రతిఫలం గంటకు ఇంత చొప్పున, ఆయన కెనడా సంస్థ పంపే ఇన్వాయిస్ మీద చెల్లిస్తాం. మా సంస్థలో ఆయనకు ఎలాంటి యాజమాన్య వాటా లేదు. గడువు ముగిశాక ఆయన కెనడా తిరిగి వెళ్తారు." రెండు పేజీలు దాటకూడదు. ఒక్కో పనికీ సమయంలో ఎంత శాతమో రాస్తే ఇంకా మంచిది. విశ్లేషణ, డిజైన్ ఎక్కువనీ, కోడింగ్ తక్కువనీ అక్కడే తేలిపోతుంది.

లెటర్‌లో వాటా లేదన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. మీలాంటివాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. జీతం, ఉద్యోగి, వార్షిక సెలవులు లాంటి మాటలు క్లయింటు హెచ్‌ఆర్ తమ పాత ఆఫర్ లెటర్ నుంచి తెచ్చి అతికిస్తే తీసేయించండి.

ఎందుకంటే ఆ మాటలు చదివేది అమెరికా ఆఫీసర్ ఒక్కడే కాదు. కెనడా రెవెన్యూ ఏజెన్సీ కూడా ఏదో ఒకనాడు చదువుతుంది. ఒకే క్లయింటు, వాళ్ళు చెప్పిన వేళలు, వాళ్ళ లాప్‌టాప్, వాళ్ళ సూపర్‌వైజర్ అయితే మీ కార్పొరేషన్‌ని పర్సనల్ సర్వీసెస్ బిజినెస్‌గా లెక్కగట్టే ప్రమాదం ఉంది. అంటే కంపెనీ ముసుగు తీసేస్తే మీరు ఉద్యోగే అని అర్థం. అప్పుడు చిన్న వ్యాపారాలకిచ్చే తగ్గింపు పోతుంది, ఫెడరల్ పన్నే 33 శాతం అవుతుంది, అంటారియోది కలిపితే 44.5 శాతం. ఖర్చులు కూడా చాలావరకు ఒప్పుకోరు. కాబట్టి కాంట్రాక్టులో పని ఫలితాన్ని, దశలవారీగా అప్పగించాల్సినవాటిని రాసుకోండి. సొంత పరికరాలు వాడండి, ఇతర క్లయింట్లకు పనిచేసే స్వేచ్ఛ ఉందని రాయించండి. అలా రాసుకున్న కాంట్రాక్టు టీఎన్‌కి కూడా నష్టం చేయదు.

బీమా మాట కూడా ఇక్కడే. అమెరికా కంపెనీలు వృత్తిపరమైన పొరపాట్లకు కవరేజి ఉన్న బీమా సర్టిఫికెట్ అడుగుతాయి. కెనడాలో కొన్న పాలసీల్లో కొన్ని కెనడా కోర్టుల్లో వేసిన కేసులకు మాత్రమే వర్తిస్తాయి. అమెరికా కోర్టులో కేసు వేసినా వర్తిస్తుందని బ్రోకర్ చేత రాయించుకోండి. ఆరోగ్య బీమా విడిగా తీసుకోండి. అమెరికా ఆస్పత్రి బిల్లులో ఓహిప్ (అంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇచ్చేది చాలా స్వల్పం. ఓహిప్ నిలవాలంటే ఏ 12 నెలల్లోనైనా 153 రోజులు అంటారియోలో ఉండాలి. మీ ప్రణాళికతో అది సులభంగానే నిలుస్తుంది.

బోర్డర్ రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కెనడా పౌరులకు టీఎన్ కోసం వీసా స్టాంపింగ్ లేదు, కాన్సులేట్ అపాయింట్‌మెంట్ లేదు. నేరుగా ప్రవేశ ద్వారం దగ్గరే అడుగుతారు, అక్కడికక్కడే నిర్ణయిస్తారు. మీకు రెండు దారులున్నాయి: టొరంటో పియర్సన్ విమానాశ్రయంలోని అమెరికా ప్రీక్లియరెన్స్ (విమానం ఎక్కకముందే అమెరికా అధికారులు తనిఖీ చేసే చోటు), లేదా ఫోర్ట్ ఈరీ నుంచి బఫెలోకి వెళ్ళే పీస్ బ్రిడ్జ్ లాంటి రోడ్డు మార్గం. న్యూవార్క్ విమానం ఎక్కాలి కాబట్టి పియర్సనే సౌకర్యం. పైగా అక్కడ కాదన్నా మీరు కెనడా గడ్డ మీదే ఉంటారు, ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాకపోతే టికెట్ పోతుంది. సెకండరీలోకి, అంటే విడిగా ప్రశ్నించే గదిలోకి పంపితే గంట పట్టవచ్చు, మూడు గంటలూ పట్టవచ్చు. మార్చుకోవడానికి వీలున్న టికెట్ కొనండి, నాలుగు గంటల ముందు చేరండి, పని మొదలుపెట్టే రోజుకు వారం ముందు ఈ పని పెట్టుకోండి. పనిరోజుల్లో పగటిపూట వెళ్ళండి. తరచూ సరిహద్దు దాటేవాళ్ళకిచ్చే నెక్సస్ కార్డు ఉన్నా ఆ లైన్‌లోకి వెళ్ళకండి, మామూలు లైన్‌లో నిలబడి మొదటి ఆఫీసర్‌కే "టీఎన్‌కి దరఖాస్తు చేయడానికి వచ్చాను" అని చెప్పండి.

ఫైల్‌లో పైనుంచి కిందికి ఈ వరుసలో పెట్టుకోండి: కెనడా పాస్‌పోర్ట్, క్లయింటు లెటర్, కాంట్రాక్టు, ఒరిజినల్ డిగ్రీ, మార్కుల జాబితా, ఎవాల్యుయేషన్ రిపోర్ట్, రెజ్యూమె, మీ కార్పొరేషన్ రిజిస్ట్రేషన్ కాగితాలు, మిస్సిసాగాలో ఇల్లు లేదా అద్దె ఒప్పందం, పాప బడి కాగితం. చివరివి ఎందుకంటే టీఎన్ తాత్కాలికం. మీరు తిరిగి వస్తారని నమ్మించే బాధ్యత మీదే. గ్రీన్ కార్డ్ ఆలోచన ఉన్నట్టు కనబడితే ఆగిపోతుంది. దరఖాస్తు ఫీజు 50 అమెరికన్ డాలర్లు, రోడ్డు మార్గంలో ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు)కి విడిగా ఫీజు ఉంటుంది.

ఆఫీసర్ అడిగేవి సూటిగానే ఉంటాయి. ఎవరికి పనిచేస్తారు? "నా కంపెనీకి" అన్నారంటే అక్కడే తప్పటడుగు. "న్యూజెర్సీలోని ఫలానా కంపెనీకి, నా కెనడా సంస్థ ద్వారా కాంట్రాక్టు మీద" అనండి, అదే నిజం కూడా. అక్కడ ఏం చేస్తారు? లెటర్‌లో రాసిందే, మీ మాటల్లో, నాలుగు వాక్యాల్లో. ఇతర క్లయింట్లను వెతుక్కుంటారా? వెతుక్కోరు, అనుమతి ఈ ఒక్క పనికే. అడిగినదానికి మాత్రమే జవాబివ్వండి. లెటర్‌లోని తేదీలు, కాంట్రాక్టులోని తేదీలు, మీరు నోటితో చెప్పినవి ఒకటిగా ఉన్నాయో లేదో ముందురోజు రాత్రి మరోసారి చూసుకోండి. తిరస్కరణలు ఇలాంటి చిన్న తేడాలతో కూడా మొదలవుతాయి.

ఒకవేళ కాదంటే వాదించకండి. కారణం మర్యాదగా అడిగి, రాసుకుని, ప్రవేశ దరఖాస్తును ఉపసంహరించుకునే అవకాశం ఇవ్వమని అడగండి. అలా వెనక్కి తీసుకుంటే నిషేధం పడదు, లోపం సరిచేసుకుని మళ్ళీ రావచ్చు. రోడ్డు మార్గంలో ఆఫీసర్ ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ (అక్కడికక్కడే వెనక్కి పంపే) ఉత్తర్వు ఇస్తే ఐదేళ్ళ నిషేధం. అవే కాగితాలతో అదేరోజు ఇంకో బ్రిడ్జ్ దగ్గరికి పరుగెత్తడం పనికిరాదు, మొదటి ఆఫీసర్ రాసిన నోట్ రెండో ఆఫీసర్ స్క్రీన్ మీద ఉంటుంది. అంత టెన్షన్ వద్దనుకుంటే క్లయింటు చేత ఐ-129 ఫారంతో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కి ముందే దరఖాస్తు పెట్టించవచ్చు. ఖర్చు, సమయం ఎక్కువే, కానీ ఆమోదపత్రం చేతిలో పెట్టుకుని బోర్డర్‌కి వెళ్తారు.

ఇచ్చాక కౌంటర్ దాటకముందే పాస్‌పోర్ట్ స్టాంప్ చూడండి. టీఎన్ అని, గడువు తేదీతో ఉండాలి. తర్వాత ఆన్‌లైన్‌లో ఐ-94 రికార్డ్ తెరిచి రెండూ ఒకటేనా అని సరిపోల్చండి. పొరపాటున బీ-2 (సందర్శకులు) అని నమోదైతే ఆ రికార్డ్ మీద మీరు పనిచేయకూడదు, వెంటనే సరిచేయించుకోవాలి. టీఎన్ గరిష్ఠంగా మూడేళ్ళు ఇస్తారు, కానీ మీ లెటర్ ఆరు నెలలంటే ఆరు నెలలే వస్తుంది. ప్రాజెక్టులు ఆలస్యమవుతాయి, కాంట్రాక్టులో నిజంగానే పొడిగింపుకు వీలుంటే లెటర్‌లో ఆ కాలం కూడా అడగండి. ప్రతినెలా మళ్ళీ దరఖాస్తు అక్కర్లేదు, అదే ఐ-94 మీద రాకపోకలు సాగించవచ్చు. లెటర్ కాపీ మాత్రం ప్రతిసారీ చేతిసంచిలో ఉండాలి.

కుటుంబం విషయానికొస్తే, పాప కెనడా పౌరురాలు కాబట్టి జనన ధ్రువపత్రం చూపించి మీతోపాటే టీడీ స్టేటస్ (టీఎన్ ఉన్నవాళ్ళ కుటుంబానికిచ్చేది) తీసుకోవచ్చు. మీ భార్యకు అలా కుదరదు. కెనడా పీఆర్ కార్డు అమెరికా ప్రవేశానికి లెక్కలోకి రాదు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నదే లెక్క. ఆమె డీఎస్-160 వీసా ఫారం నింపి, టొరంటోలోని అమెరికా కాన్సులేట్‌లో టీడీ వీసా తీసుకోవాలి. మీ టీఎన్ వచ్చాక పెళ్ళి ధ్రువపత్రంతో దరఖాస్తు పెట్టాలి, అపాయింట్‌మెంట్ తొందరగా దొరకకపోవచ్చు. టీడీ మీద చదువుకోవచ్చు కానీ ఉద్యోగం చేయకూడదు. నెలకు రెండు వారాల కోసం ఇదంతా అవసరమా అన్నది మీరిద్దరూ ఆలోచించుకోండి. ఆమె దగ్గర ఇప్పటికే చెల్లుబాటయ్యే బీ-2 ఉంటే అప్పుడప్పుడు వచ్చి వెళ్ళడానికి అది చాలు. ఇలాంటి పని ఆమెకే వచ్చి ఉంటే టీఎన్ అసలు లేనేలేదు. అది పౌరులకే, పీఆర్‌లకు కాదు. పౌరసత్వానికి ముందు ఐదేళ్ళలో 1,095 రోజులు కెనడాలో ఉండాలన్న లెక్క ఆమె ఇంకా పూర్తి చేయకపోయి ఉంటే, న్యూజెర్సీలో గడిపే రోజులు ఆ లెక్కలోకి రావని కూడా గుర్తుపెట్టుకోండి.

పన్నులు. న్యూజెర్సీ కంపెనీ అకౌంట్స్ విభాగం మీకు అలవాటుగా డబ్ల్యూ-9 అనే పన్ను ఫారం పంపుతుంది. దాని మీద సంతకం పెట్టకండి, అది అమెరికా పౌరులు, పన్ను లెక్కన అక్కడి నివాసులు, అక్కడి సంస్థల కోసం. మీ కార్పొరేషన్ ఇవ్వాల్సింది విదేశీ సంస్థల ఫారం, డబ్ల్యూ-8బెన్-ఈ. ఇన్వాయిస్‌లో కెనడాలో చేసిన గంటలనూ అమెరికాలో చేసిన గంటలనూ మొదటి నెల నుంచే రెండు వరుసల్లో విడదీసి రాయండి. కెనడాలో కూర్చుని చేసిన పనికి అమెరికా పన్ను లేదు. అమెరికాలో చేసిన భాగానికి రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం మినహాయింపు అడగవచ్చు, ఎందుకంటే అక్కడ మీకు స్థిర కార్యాలయం లేదు. ఏ 12 నెలల్లోనైనా 183 రోజులు లేదా అంతకంటే ఎక్కువైతే వచ్చే సేవల నియమం (అక్కడ చేసిన సేవనే స్థిర కార్యాలయంగా లెక్కగట్టేది) కూడా మీకు వర్తించదు. నెలకు 14 రోజుల చొప్పున ఆరు నెలలకు 84 రోజులే. మినహాయింపు ఉన్నా రిటర్న్ వేయక తప్పదు. కార్పొరేషన్ 1120-ఎఫ్ (విదేశీ కంపెనీల రిటర్న్)తో పాటు, ఒప్పందం కింద మినహాయింపు కోరుతున్నట్టు తెలిపే 8833 ఫారం జతచేసి వేయాలి. ఫారాలు సరిగ్గా లేకపోతే క్లయింటు అమెరికాలో చేసిన పనికి చెల్లించేదాంట్లో 30 శాతం పట్టుకుంటాడు.

న్యూజెర్సీకి రాష్ట్ర పన్ను ఉంది, ఫెడరల్ పన్ను ఒప్పందంలోని మినహాయింపు దానికీ వర్తిస్తుందని అనుకోకండి. ఫెడరల్‌కి సున్నా వచ్చిన ఆదాయం మీద కూడా రాష్ట్రానికి కట్టాల్సి రావచ్చు.  సరిహద్దు పన్నులు చూసే అకౌంటెంట్‌కి ఇచ్చే ఫీజును కాంట్రాక్టు రేటు మాట్లాడుకునేటప్పుడే లెక్కలో వేసుకోండి.

అమెరికా సోషల్ సెక్యూరిటీ కట్టనక్కర్లేకుండా మీరు కెనడా పెన్షన్ ప్లాన్ కిందే ఉన్నారని చెప్పే సీపీటీ56 సర్టిఫికెట్‌ని కెనడా రెవెన్యూ ఏజెన్సీ నుంచి తీసుకోండి. రెండు దేశాల మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం 1984 నుంచి ఉంది. అమెరికా క్లయింటుకిచ్చే సేవలకు హెచ్‌ఎస్‌టీ (అంటారియోలో అమ్మకాల మీద వేసే పన్ను) సాధారణంగా సున్నా రేటు, రిటర్న్‌లో మాత్రం చూపించాలి.

ఇక పని మధ్యలో అదే ఊళ్ళో ఇంకో కంపెనీ వాళ్ళు మీ పని చూసి పిలిస్తే, ఈ టీఎన్ మీద వాళ్ళకు ఒక్క రోజు కూడా పనిచేయకూడదు. టీఎన్ ఆ క్లయింటుకే కట్టుబడి ఉంటుంది. రెండో క్లయింటు లెటర్, కాంట్రాక్టు తెచ్చుకుని, తర్వాతిసారి పియర్సన్‌లో వెళ్ళేటప్పుడు అదనంగా దరఖాస్తు పెట్టుకోండి. ఫీజు మళ్ళీ కట్టాలి, ప్రశ్నలు మళ్ళీ మొదటినుంచి ఉంటాయి. అందుకే మొదటి ఫైల్ కాగితాలన్నీ, ముఖ్యంగా ఎవాల్యుయేషన్ రిపోర్ట్ ఒరిజినల్, పారేయకుండా ఒక చోట భద్రపరచండి.